బంద్ ఉందన్న పైపు

రిటైరై రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ ఏ గల్లీలో నడిచినా నా కళ్ళు మనుషుల మొహాల మీద పడవు, గడపల మీద పడతాయి. ఈ గడప రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉంది, ఆ గడప ఎంత కిందికి దిగిపోయింది అని చూసుకుంటూ పోతాను. ఎదురొచ్చినవాళ్ళు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాక మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. "ఆయనెవరో పలకరించాడు, మీరేమో ఆయన చెప్పుల కేసి చూస్తున్నారు" అంటుంది. చెప్పుల కేసి కాదు, చెప్పుల కింద ఉన్నదాని కేసి. అన్నేళ్ళ అలవాటు ఒక్క శాలువా కప్పగానే పోతుందా?

పోర్ట్ బ్లెయిర్‌లో రోడ్ల పని చేశాను. కాగితాల మీద ఊరి పేరు మారింది గానీ మా నోట్లో ఇంకా మారలేదు, క్షమించాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ తాపీ పని చేశాడు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే జూనియర్ ఇంజనీరునయ్యాను. తర్వాత ఏమేం అయ్యానో మీకు అనవసరం. ఆ ప్రమోషన్ల గొడవ మా ఇంట్లోనే ఎవరూ వినరు.

ఈమధ్య ఈ పనిలోకి కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, "అంకుల్, ఫీల్డులో ఏం చూడాలో చెప్పండి" అని అడిగారు. చెప్తే మర్చిపోతారని రాస్తున్నాను. మీలో తెలుగు చదవడం రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి వినిపించండి. నేను చెప్పబోయేది మా ఊళ్ళోనే ఉన్న డిగ్నాబాద్‌లో ఒక గల్లీ గురించి. ఆ గల్లీ కింద మెట్ల వరసలో ఉన్న ఏడిళ్ళ మంచినీళ్ళ గురించి. వాళ్ళ నీళ్ళు నేను ఫారంలో రాసిన ఒక్క మాటతో ఆగిపోయాయి. ఆ మాట ఎలా రాశానో, రాసి ఏం చేశానో అంతా చెప్తాను. కాపాడుకోవడానికి ఇప్పుడు నా దగ్గర కుర్చీ కూడా లేదు.

పొద్దున్నే నడవండి

పాత రోడ్డు తవ్వి కొత్తది వేసేముందు దాన్ని పరీక్ష చెయ్యాలి. పైన ఏముందో, కింద ఏమున్నాయో, ఏది పనికొస్తుందో, ఏది పోయిందో రాయాలి. నీళ్ళ పైపులు, కరెంటు కేబుళ్ళు, టెలిఫోను తీగలు, వాన కాలువ, పక్కగోడ. చెప్పడానికి ఇంతే. అందరూ చేసే తప్పేమిటంటే పదకొండు గంటలకి జీపు దిగి, టేపు పరిచి, ఫోటోలు తీసుకుని, ఒక కొబ్బరిబొండం తాగి వెళ్ళిపోవడం.

మా పెద్దాఫీసరు కురియన్ సాబ్ అని ఒక మలయాళీ ఉండేవాడు. నోరు మహా చెడ్డది. ఆఫీసులో ఆయన గొంతు లేచిందంటే బయట చెట్టు మీద కాకులు లేచిపోయేవి. కానీ పని తెలిసినవాడు. "ఎండలో రోడ్డు చూసినవాడు ఏం చూసినట్టు? సుబహ్ దేఖో, బారిష్ కే బాద్ దేఖో" అనేవాడు. పొద్దున్నే చూడు, వాన వెలిశాక చూడు అని. నేను విని బాగుపడిన మాటల్లో అదొకటి.

వాన వెలిసిన పొద్దున్న డిగ్నాబాద్ గల్లీల్లో నేల మీంచి ఆవిరి లేస్తుంది. గల్లీ చివర రెండిళ్ళ మధ్య సందులోంచి సముద్రం కనబడుతుంది, అదీ నీళ్ళలా ఉండదు, ఉత్త తెల్లటి వెలుగులా ఉంటుంది. రేవులో ఓడ ఏదో ఒక్క కూత కూసి ఊరుకుంటుంది. ఎవరింట్లోనో ఆవాలు చిటపటమంటాయి, ఇంకో ఇంట్లో శంఖం ఊదుతారు, ఆ పక్కింట్లో రేడియో తమిళంలో మాట్లాడుతుంది. నేను గొడుగు కర్రలా పట్టుకుని మెల్లగా నడిచేవాణ్ణి. అప్పుడు రోడ్డు సగం నిద్రలో ఉన్నట్టుండేది, నేనూ అలాగే ఉండేవాణ్ణి. ఆ సగం నిద్రలోనే బాగా కనబడుతుంది. అది ఎందుకో నాకు ఈనాటికీ తెలీదు.

నీళ్ళు ఎక్కడ నిలిచాయో అక్కడ కింద మట్టి దిగింది. ఏప్రిల్ ఎండల్లో ఊరంతా వాడిపోతే ఒక్క ఇంటి ముందు అరటి పిలకలు నవనవలాడుతున్నాయంటే అక్కడ పైపు కారుతోంది, ఆ ఇంటివాళ్ళు చెప్పరు. పక్కగోడ పొట్ట ఉబ్బిందంటే వెనక నీళ్ళు పోవడానికి దారి లేదు. ఇక గడపలు. మనవాళ్ళకి పాత తారు తియ్యకుండా దాని మీద కొత్త తారు పొయ్యడం ఒక జబ్బు. పోసిన ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. ఒకప్పుడు మెట్టెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళాలి, వానకాలంలో నీళ్ళు కూడా అలాగే దిగుతాయి. ఇది బద్ధకం తప్ప మరేం కాదు. మీ కాలంలోనైనా పాతది గీకి కొత్తది వెయ్యండి.

తారు కింద తారు

ఆ గల్లీ మొత్తం ఒక వాలు. పైన రోడ్డుకి అటూ ఇటూ ఇళ్ళు, ఎడమ పక్క గోడ దాటితే లోయలోకి మెట్లు, ఆ మెట్ల వెంట ఏడిళ్ళు. వాలు మట్టి, పైగా భూకంపాలకి కదిలిన మట్టి. రోడ్డు మధ్యలో ఒక పగులు మెలికలు తిరుగుతూ కిందికి పోయేది. మొత్తం తవ్వి, కొత్త పైపులు వేసి, పైన కాంక్రీటు పొయ్యాలని నిర్ణయం. పరీక్ష పని నాది.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు. ఇది గుర్తుపెట్టుకోండి. కొత్తవాడు చేసే తప్పు వేరు, వాడు భయపడి పదిమందిని అడుగుతాడు. తెలిసినవాడు ఎవరినీ అడగడు.

మూడు చోట్ల గోతులు తీయించాను. గోయి తియ్యడమంటే నాకు చిన్నపిల్లాడి సరదా. పైన తారు, దాని కింద ఇంకో తారు, దాని కింద మరొకటి, అట్లు దొంతరగా పేర్చినట్టు. ఆ కింద నల్లరాయి. ఆ కింద ఎప్పటిదో పగడపు రాతి పొడి, తెల్లగా, చేత్తో పట్టుకుంటే ఇంకా తడిగా. అందులో ఒక చిన్న గవ్వ దొరికింది. ఎవరి కాలంలోనో ఎవరో తట్టతో మోసుకొచ్చి పోసిన ఇసుక. ఆ గోతి అంచున కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. పైన మనుషులు ఏదో మాట్లాడుకుంటూ ఉండేవారు, మాటలు దూరంనుంచి వచ్చేవి. ఒక బెంగాలీ దాదా, ఇక్కడ యుద్ధం నాటి జపానువాళ్ళ సొరంగం ఉంది అన్నాడు. ఆయన పక్కనున్న తమిళాయన సొరంగం కాదు, ఊట ఉంది అన్నాడు. ఇద్దరూ దానిమీద చాలాసేపు పోట్లాడుకున్నారు. సొరంగమూ లేదు, ఊటా లేదు.

మూడో గోతిలో మాత్రం ఒక పైపు బయటపడింది. పోత ఇనుముది, పాతది, వేలి మందాన తుప్పు. రోడ్డుని ఏటవాలుగా దాటి మెట్ల వైపు పోతోంది. మా దగ్గరున్న నక్షాలో, అంటే పైపుల పటంలో, అక్కడ ఏ పైపూ లేదు. నక్షా సంగతి తెలిసిందే కదా, అది వేసినవాడు ఆ గల్లీకి వచ్చాడో లేదో దేవుడికెరుక. సుత్తి పెట్టి కొట్టాను. డొల్లగా మోగింది. లోపల చుక్క నీళ్ళు లేవు.

ఇలాంటివి చెప్పగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే. వాల్వులు తిప్పే లక్రా భయ్యా. రాంచీ మనిషి, ఏ పైపు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో అన్నీ అతని తలలో ఉండేవి. కానీ లక్రా ఆ వారం మాయాబందర్‌లో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. నాలుగు రోజులు ఆగితే వచ్చేవాడు. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఒక పెద్ద కారణం ఉండాలి కదా, ఏమీ లేదు. ఫారం శుక్రవారానికి ఇచ్చేస్తానన్నాను, అంతే.

పైడమ్మ పిన్ని మాట

గోతి దగ్గరికి మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. పైడమ్మ. అరవై దాటి ఉంటాయి అప్పటికి. మెట్ల మీద ఏడిళ్ళలో అట్టడుగు ఇల్లు ఆవిడది, ఒక్కతే ఉండేది. మొగుడు రేవులో కూలీగా చేసి పోయాడు. మా నాన్న ఊరికి దగ్గరి ఊరని తెలిసినప్పటినుంచీ నన్ను బాబూ అనేది, నేను పిన్నీ అనేవాణ్ణి.

"ఏటి బాబూ, ఏటి తవ్వుతున్నారు?" అంది.

"రోడ్డు కొత్తది వేస్తాం పిన్నీ. ఈ పైపు చూడు. ఇది చాలూ ఉందా, బంద్‌దా?"

ఇలాగే అడిగాను. చాలూ అంటే నడుస్తున్నది, బంద్ అంటే ఆగినది. మా ద్వీపం తెలుగు అంతే, సగం హిందీలో నడుస్తుంది.

ఆవిడ గోతిలోకి వంగి చూసింది. "బంద్ ఉంది బాబూ" అంది. అని, ఎవరో కిందినుంచి పిలిస్తే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మాట మీద కాసేపు ఆగండి. వేసవిలో మాకు రోజూ నీళ్ళు రావు. రెండు రోజులకోసారి, ఎండలు ముదిరితే మూడు రోజులకోసారి వదులుతారు. నీళ్ళు వదలని రోజున ఎవరిని అడిగినా "ఇవాళ బంద్ ఉంది" అంటారు. వాల్వు కట్టేశారు, రేపో ఎల్లుండో వదులుతారు అని దానర్థం. దుకాణం సాయంత్రం మూసినా బంద్, ఎత్తేసి ఊరొదిలి వెళ్ళిపోయినా బంద్. ఒకటి ఉండటం, ఇంకోటి అయిపోవడం. నేను ఇక్కడ పుట్టినవాణ్ణి, ఈ తేడా నాకు పాలతో పాటు వచ్చింది. అయినా ఆవిడ 'ఉంది' అన్నదాన్ని నేను 'అయిపోయింది' అని విన్నాను. పైపు తుప్పుపట్టి ఉంది, నక్షాలో లేదు, చుక్క నీళ్ళు లేవు. నా మనసులో అది ముందే చచ్చిపోయింది. ఆవిడని అడిగింది ఉత్త సాక్ష్యం కోసం.

ఫారంలో గళ్ళు రెండే. వాడుకలో ఉన్నది, వదిలేసినది. రెండో గడిలో టిక్కు పెట్టాను. పక్కన ఇంగ్లీషులో 'అబాండన్డ్' అని, దాని పక్కన 'లోకల్ ఎంక్వైరీ' అని రాసి సంతకం చేశాను. ఆ లోకల్ ఎంక్వైరీ అంటే మెట్లెక్కి వచ్చి, ఒక్క మాట చెప్పి, మెట్లు దిగిపోయిన పైడమ్మ పిన్ని. ఏడిళ్ళకీ ఉన్న నీళ్ళ దారి ఆ ఒక్క పైపే. ఒక్క ఇల్లయినా దిగి కుళాయి ఎక్కడినుంచి వస్తోందో చూశానా అంటే లేదు. నలభై మెట్లున్నాయి, ఎండగా ఉంది.

లక్రా పెళ్ళి నుంచి తిరిగొచ్చాక కూడా ఆ కాగితం అతనికి చూపించలేదు. వాల్వులు తిప్పేవాడికి రిపోర్టు చూపించే అలవాటు మా ఆఫీసులో లేదు. ఇది అలవాటు కాదు, పొగరు.

క్యూరింగ్ నీళ్ళు

వానలు పోయాక పని మొదలైంది. గల్లీ మొదట్లో నోటీసు అంటించాం, పని అయ్యేదాకా పానీ బంద్ అని. మెయిన్ రోడ్డు మీద ట్యాంకరు నిలిపేవాళ్ళం, అందరూ అక్కడ పట్టుకోవాలి. పాత తారు లేచింది, కింద మట్టి లేచింది, దానితో పాటు ఆ పాత పైపూ రెండు ముక్కలై లేచి ఒక పక్కన పడింది. నేను అక్కడే ఉన్నాను. ముక్కలు లారీలోకి ఎక్కించమని చెప్పింది నేనే. పై ఇళ్ళకి కొత్త పైపు వేశాం. కాంక్రీటు పోశాం. అంత నున్నటి రోడ్డు నా చేతుల మీద అంతకుముందు పడలేదు, పొద్దుటి వెలుగులో ఆ వాలు మీద ఆకాశం కనబడేది. నేను రోజూ దాన్ని చూడటానికే వెళ్ళేవాణ్ణి.

కొత్త కాంక్రీటు పగలకుండా కొన్నాళ్ళు తడుపుతూ ఉండాలి. దాన్ని క్యూరింగ్ అంటారు. అడ్డంగా చిన్న చిన్న మట్టి గట్లు కట్టి, మధ్యలో నీళ్ళు నింపి నిలబెడతాం. రోడ్డంతా మడులు మడులుగా నీళ్ళు. వాటిలో మబ్బులు పోతూ ఉండేవి. పిల్లలు కాగితం పడవలు వదిలితే కేకలేసేవాణ్ణి, వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పడవలు ఎటు పోతున్నాయో నేనే చూస్తూ నిలబడేవాణ్ణి.

అలా ఒక రోజు చూస్తూంటే పైడమ్మ పిన్ని మెట్లెక్కి వచ్చి, ఆ మడిలో చెంబు ముంచి బకెట్టులో పోసుకుంటోంది.

"పిన్నీ! ఏమిటది? క్యూరింగ్ నీళ్ళవి, ముట్టుకోకూడదు. కాంక్రీటు పగిలిపోతుంది" అని అరిచాను.

"బట్టలకి బాబూ. తాగడానికి కాదు. నీల్లు బంద్ గదా."

"నోటీసు చూడలేదా? ఇంకొన్నాళ్ళే. ట్యాంకరు దగ్గర పట్టుకో."

ఆవిడ బకెట్టులో నీళ్ళు మళ్ళీ మడిలో పోసేసింది. నిదానంగా, ఒలక్కుండా పోసింది. ట్యాంకరు దగ్గరికెళ్ళి రావాలంటే ఆ వయసులో నలభై మెట్లెక్కి, గల్లీ దాటి, తిరిగి బిందెతో నలభై మెట్లు దిగాలి. నాకు అది తెలుసు. ఆ పూట నాకు రోడ్డు కనబడింది గానీ మనిషి కనబడలేదు. ఇన్నేళ్ళలో నేను సిగ్గుపడే పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది అనుకునేవాణ్ణి. మొదటిది కాదు, ఆ మొదటిది ఇంకా చెప్పబోతున్నాను.

పదకొండో రోజు

నీళ్ళు ఆపిన పదకొండో రోజు పొద్దున్నే లక్రా వచ్చి కొత్త లైను వాల్వు తిప్పాడు. నీళ్ళు వచ్చే ముందు పైపుల్లో గాలి వస్తుంది, ఒక పొడుగాటి నిట్టూర్పు. ఆ వెనకే వరసగా ఒక్కో ఇంట్లో కుళాయిలు దగ్గాయి, ఉమ్మాయి, ఆ తర్వాత ధార కట్టాయి. బిందెల మీద పడే చప్పుడు గల్లీ పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. ఎవరో ఆడపిల్ల "పానీ ఆ గయా" అని కేక పెట్టింది. నేను రోడ్డు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని విన్నాను. నాకు సంగీతం రాదు, అదే నా సంగీతం.

లక్రాకి ఒక పద్ధతి ఉండేది. కొత్త లైను వదిలాక ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి కుళాయి దగ్గర నిలబడి చూసేవాడు. పై ఇళ్ళన్నీ చూసుకుని మెట్లు దిగాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మెల్లగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చాడు.

"రావు సాబ్, నీచే ఏక్ బూంద్ నహీఁ హై" అన్నాడు. కింద ఒక్క చుక్క లేదు. "వాళ్ళకి కొత్త కనెక్షన్ ఎటునుంచి ఇచ్చారు?"

"వాళ్ళకి మనమేం ఇస్తాం? వాళ్ళ లైను వేరే కదా."

"వేరే ఎక్కడుంది సాబ్? రోడ్డు దాటే పాత ఇనప లైను, అదే వాళ్ళది. ఆప్‌కో మాలూమ్ నహీఁ? మీకు తెలీదా?"

ఆ పైపు ముక్కలు లారీలో ఎటు పోయాయో కూడా నాకు తెలీదు.

మెట్లు దిగాను. ఏడిళ్ళ ముందూ ఖాళీ బిందెలు, కుళాయి కింద వరసగా పెట్టి ఉన్నాయి. పైన కేక వినగానే పెట్టుకున్నారు. ఒక ముసలాయన, లేవలేని మనిషి, మంచం మీంచే "ఆయేగా, ఆయేగా" అంటున్నాడు. వస్తుంది, వస్తుంది అని. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బంద్ అంటే మళ్ళీ వదులుతారనే కదా వాళ్ళ లెక్క, పదకొండు రోజులు అలాగే ఎదురుచూశారు. ఆ ముసలాయనకి నీళ్ళు మోసింది పైడమ్మ పిన్నేనని లక్రా చెప్పాడు.

కురియన్ సాబ్ గంటలో వచ్చాడు. ఫైలు చేతిలో ఉంది. మెట్ల మొదట్లో నిలబడి, ఆ కాగితం నా మొహం ముందు పెట్టి, "కిస్ నే బోలా డెడ్ లైన్ హై?" అని అరిచాడు. చచ్చిపోయిన లైనని ఎవడు చెప్పాడు?

"లోకల్ ఎంక్వైరీ సాబ్" అన్నాను.

"కౌన్ లోకల్? ఎవరా మనిషి?"

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి పైడమ్మ పిన్ని ముందుకొచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, "మైనే బోలా సాబ్. నానే సెప్పినాను. లైన్ ఖతం హో గయా బోలా" అంది.

ఖతం అయిపోయిందని చెప్పానంది. ఆవిడ అలా చెప్పలేదు. ఆ సంగతి ఆ గల్లీలో ఇద్దరికే తెలుసు, ఆవిడకీ నాకూ. కురియన్ సాబ్ ఆవిడకేసి చూశాడు, నాకేసి చూశాడు. నేను కింద రోడ్డు చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట అంటే సరిపోయేది. కాదు సాబ్, ఆవిడ సరిగ్గానే చెప్పింది, నేనే తప్పు రాశాను. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో చూడండి. అప్పుడు నా నోట్లోంచి రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడకేసి తిరిగారు. "క్యా మౌసీ, తెలియకపోతే తెలీదనాలి గానీ" అని ఒకాయన అన్నాడు కూడా. ఆవిడ తల ఊపింది.

కురియన్ సాబ్ ఇంకేం అడగలేదు. "కాట్ దో" అన్నాడు. కొయ్యండి.

"సాబ్, నిన్నగాక మొన్న పోసిన కాంక్రీటు..." అన్నాను.

"రోడ్డు మళ్ళీ పొయ్యొచ్చు రావ్. కాట్ దో."

ఆయన నోటి గురించి ఎన్ని చెప్పుకున్నా, ఒక కుళాయిని బలిపెట్టి రోడ్డు కాపాడుకున్న ఆఫీసరు కాదు. మీకు అలాంటి బాసు దొరికితే తిట్లు తినండి, ఏం పోదు. ఆ పూటే మెషిన్ వచ్చి నా నున్నటి రోడ్డుని అడ్డంగా కోసింది. సాయంత్రానికి కొత్త పైపు పడింది, మర్నాడు పొద్దున్న ఏడిళ్ళకీ నీళ్ళు వచ్చాయి. కోసిన చోట అతుకు వేశాం. అతుకు అతుకే, స్కూటరు దాని మీంచి పోతే ఇప్పటికీ టకటకమంటుంది.

ఆ తర్వాత పనిలో

అప్పటినుంచీ నేను ఎవరినీ "చాలూనా, బంద్‌దా" అని అడగలేదు. "చివరిసారి నీళ్ళు ఎప్పుడొచ్చాయి? మళ్ళీ ఎప్పుడొస్తాయి?" అని అడిగేవాణ్ణి. ఈ రెండో ప్రశ్నకి ఎవరైనా తడుముకోకుండా రోజు చెప్పారంటే ఆ పైపు బతికే ఉంది, అది ఎంత తుప్పు పట్టినా సరే. ఫారంలో మూడో గడి నేనే గీసుకున్నాను, తెలీదు అని. పై ఆఫీసు వాళ్ళకి అది నచ్చేది కాదు. తెలీదని రాయడానికి నీకు జీతమెందుకు అనేవారు. తెలీదని రాసిన చోటల్లా లక్రాని తీసుకెళ్ళి ఇంటింటికీ దిగేవాణ్ణి. మెట్లు ఎన్నున్నా సరే, కుళాయి దాకా వెళ్ళి అక్కడినుంచి వెనక్కి రోడ్డు మీదికి రావాలి. రోడ్డు మీంచి కుళాయికి పోకూడదు. నా అనుభవంలో మీకిచ్చే ఉపయోగపడే మాట ఇదొక్కటే.

పని నేర్చుకున్నాను సరే. ఆ రోజు నోరు విప్పకపోవడం అనే రెండో విషయం మాత్రం అలాగే ఉండిపోయింది. నాకు ఒక కల వచ్చేది. ఆ కలలో నేను రోడ్డు కింద పడుకుని ఉంటాను. భయమేం ఉండదు, చల్లగా, తడి మట్టి వాసనతో బాగానే ఉంటుంది. పైన జనం నడుస్తూంటారు, అడుగుల చప్పుడు వినబడుతూంటుంది. ఎవరో పైనుంచి సుత్తితో కొట్టి అడుగుతారు, ఉన్నావా లేవా అని. ఉన్నాననాలి. అనలేను. మెలకువ వచ్చేది. మా ఆవిడకి పైపు సంగతి చెప్పాను గానీ పైడమ్మ పిన్ని సంగతి చెప్పలేదు.

డిగ్నాబాద్ వైపు పనులున్నా నేను వేరేవాళ్ళని పంపేవాణ్ణి. ఆవిడ పాపం తన మాట వల్లే ఇదంతా జరిగిందనుకుని కుమిలిపోతోందేమో అని బాధపడేవాణ్ణి. బాధపడి ఊరుకునేవాణ్ణి. బాధపడటం మెట్లు దిగడం కన్నా సులువు.

ఈమధ్య

మీ కోసం ఇదంతా రాయడం మొదలుపెట్టాను కదా. ఫారంలో టిక్కు పెట్టిన దాకా వచ్చి కలం ఆగిపోయింది. ఇక్కడ అబద్ధం రాస్తే ఈ పిల్లలు నా దగ్గర నేర్చుకునేది అబద్ధమే అనిపించింది. మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని బయల్దేరాను. రాత్రంతా వాన కురిసి వెలిసింది. గల్లీలో ఆవిరి లేస్తోంది. మెట్లు దిగేసరికి నా మోకాళ్ళు నాకు వినబడ్డాయి.

పైడమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. కళ్ళు మసకేశాయి. గొంతు వినగానే, "రావుబాబువేటి? ఇన్నాల్లకి ఒచ్చినావా. కూకో" అంది. మెట్టు మీదే కూర్చున్నాను. మా ఆవిడ ఎలా ఉంది, పిల్లలిద్దరూ ఎక్కడున్నారు అని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు, చెప్పాల్సింది తప్ప.

"పిన్నీ, ఆ పైపు సంగతి. తప్పు నీది కాదు. నువ్వు బంద్ ఉందన్నావు. నేనే అయిపోయిందని రాసుకున్నాను. నీ మాట వల్ల జరగలేదు" అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను.

ఆవిడ చింతపండు లోంచి తలెత్తలేదు. "నాకు తెల్దేటి?" అంది. "నా నోటితో నానేటన్నానో నాకు తెల్దేటి బాబూ? ఉంది అన్నాను."

"మరి ఆ రోజు సాబ్ ముందు నువ్వు..."

"నీ మొకం సచ్చిపోయినోడి మొకంలాగుంది. ఆ మలయాలీ సాబేమో అలగ అరుత్తన్నాడు. నన్నేటి సేత్తాడు? నాకేటన్నా నౌకరీ ఉందేటి తీసీడానికి? నీకుంది. ఇద్దరాడపిల్లలు నీకు. అందుకే నానే అన్నాననీసినాను."

ఇన్నేళ్ళూ ఆవిడ మీద నేను జాలిపడ్డాను. తక్కిన ఆరిళ్ళవాళ్ళు ఆవిణ్ణి తప్పుపడుతూంటే ఆవిడ తెలిసి తెలిసి భరించింది, అదీ బకెట్టెడు క్యూరింగ్ నీళ్ళు కూడా వెనక్కి పోయించినవాడి కోసం. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, పక్కింటి అమ్మాయి తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి అడిగాను. "తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం పిన్నీ? పోనీ నాకైనా కబురు పెట్టి నాలుగు తిట్టకపోయావా?"

ఆవిడ పిక్క ఒకటి తీసి పక్కన పడేసింది.

"అది నువ్వు సెప్పాలి గాని, నాను సెప్పీదేటి బాబూ?" అంది.